దిగడం నేర్చుకోవడానికి రైసూత్ దాకా

సలాలాకు పోయేవాళ్ళు ఆ ఎడారి దేశంలో వాన చూడటానికి పోతారు. నేను చెట్టు దిగడం నేర్చుకోవడానికి పోయాను. గౌడు ఇంట పుట్టి, పన్నెండో ఏట నుంచి కల్లు గీయడానికి తాళ్ళూ ఈదులూ ఎక్కిన మనిషిని, ఒమాన్‌లో ఈ కొస నుంచి ఆ కొసకు బస్సెక్కి పోయి, చెట్టు దిగేది ఎట్లా అని ఒక చీనా మనిషిని అడగవలసి వచ్చింది. ఈ సంగతిని మా రూమువాళ్ళు ఊళ్ళో తలా ఒక వంకరగా చెప్పుకుంటున్నారు. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నేను బడికి పోయినవాణ్ణి కాదు, బీడీ కట్టల మీది కాగితాలు చూసి అక్షరాలు పట్టుకున్నవాణ్ణి. అయినా ఏ రోజు ఏ గంటకు ఏం జరిగిందో నాకున్నంత జ్ఞాపకం చదువుకున్నవాళ్ళకు ఉన్నట్టు చూడలేదు.

తొంభైల నడుమ మాట. నేను బర్కాలో ఒక ఖర్జూరపు తోటలో పనిచేసేవాణ్ణి. పాస్‌పోర్టు ప్రకారం నా వయసు నలభై ఆరు, మా అమ్మ లెక్కన యాభై అయిదు. ఎండాకాలం ముందు మగ పూత తెచ్చి ఆడ చెట్లకు కట్టడం, ఎండాకాలంలో గెలలు కోయడం నా డ్యూటీ. అక్కడివాళ్ళు చెట్టెక్కడానికి హాబూల్ అనే నారపట్టీ వాడతారు. నాకు మాత్రం ఊరి నుంచి తెచ్చుకున్న మోకు ఉంది. నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకొని, వెనక్కి వాలి ఎక్కే తాడు అది. విమానాశ్రయంలో సంచీ విప్పి దాన్ని చూసినవాడు ముగ్గురిని పిలిచి చూపించాడు. అంత చూడవలసింది అందులో ఏముందో నాకు నేటికీ అర్థం కాలేదు.

ఆ తోటలో ఉప్పు నీళ్ళను మంచి నీళ్ళు చేసే మిషను బిగించడానికి ఒక చీనా ఫిట్టరు వచ్చాడు. పేరు లియాంగ్. మా రూము వంటమనిషి రాజేశం రెండో రోజుకే ఆయన్ని లింగన్నను చేశాడు. ఈ లింగన్న రోజూ అయిదింటికి లేచి, ఖర్జూరపు చెట్ల నడుమ నిలబడి, చేతులు మెల్లగా పైకెత్తి మెల్లగా దించేవాడు.

"కాకా, చీనాయన గాలిని పిసుకుతున్నడు" అన్నాడు రాజేశం.

నేను మాత్రం నవ్వలేదు. తెలియని దాన్ని చూసి నవ్వేవాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ మంట. మూడో రోజు పోయి ఆయన పక్కన నిలబడ్డాను. అట్లా చీగుంగ్ మొదలైంది. చీ అంటే ఊపిరి లాంటిది, గుంగ్ అంటే పని. ఊపిరితో చేసే డ్యూటీ అనుకోండి. ఆయనకు తెలుగు రాదు, నాకు చీనా రాదు. ఇద్దరికీ ఉన్నవి అయిదారు అరబ్బు మాటలు. ఫోక్ అంటే పైకి, తహత్ అంటే కిందికి, షువయ్య అంటే మెల్లగా, ఖలాస్ అంటే అయిపోయింది, జద్ అంటే తాత. ఇంతకంటే ఎక్కువ మాటలు పెట్టి చెప్పేవాళ్ళ దగ్గర నేను ఇంత నేర్చుకోలేదు.

చెట్టులాగా నిలబడే పద్ధతి ఒకటి ఉంది. మోకాళ్ళు కొంచెం వంచి, చేతులు గుండ్రంగా పట్టి, కదలకుండా నిలబడాలి. అప్పుడు లింగన్న నా వెనక వేలు చూపించి "జద్" అనేవాడు. ఇంకా వెనక్కి చూపించి "జద్ జద్". ఇంకా వెనక్కి, ఎరువు కుప్ప దాకా చూపించి "జద్ జద్ జద్". అంటే మన తాతలందరూ వరసగా వెనక నిలబడి, ఒకరి నడుము మీద ఒకరు చెయ్యి వేసి మనల్ని ఆపుతారని. మీరు నవ్వుతారని తెలుసు. కాని పదో రోజున, ఎప్పుడో పోయిన మా తాత వచ్చాడు. నడుము మీద ఆ గట్టి అరచెయ్యి, మెడ మీద బీడీ వాసన. "సక్కగ నిలవడు" అన్నట్టే అనిపించింది. చెట్ల వేళ్ళు నా మడమల్లోకి వచ్చినట్టూ, తోట అంతా నాతో ఊపిరి తీస్తున్నట్టూ ఉండేది. అర్ధగంట తర్వాత రాజేశం చాయ్‌కి పిలిస్తే కోపం వచ్చేది.

నాలుగు నెలల్లో పదిహేడు కదలికలు నేర్పాడు. మిషను పని అయిపోయింది, ఆయన్ని సలాలా దగ్గరి రైసూత్‌కు మార్చారు. పోయే ముందు రోజు సాయంత్రం నా మోకు చూసి, ఎక్కి చూపించమని సైగ చేశాడు. ఎక్కాను, మా తాత పద్ధతిలో దిగాను. ఆయన చప్పట్లు కొట్టి మళ్ళీ దిగమన్నాడు. మూడుసార్లు దిగాను. పొద్దున్నే పికప్ ఎక్కి కూర్చొని, కిటికీలోంచి ఆ చెట్టు వైపు చెయ్యి చూపించి, "తహత్, షువయ్య షువయ్య, ఖలాస్" అన్నాడు. పికప్ కదిలింది.

నేను ఆ మాటకు అర్థం ఇట్లా చేసుకున్నాను: కిందికి దించి ముగించే కదలిక ఒకటి మిగిలిపోయింది, తర్వాత చెప్తాను.

నెల తిరిగేసరికి ఆ మిగిలింది ఏమిటో ఒంటికి తెలిసింది. రోజూ పొద్దున ఊపిరి పైకి లేపుతున్నాను, దించేవాడు లేడు. అరచేతులు వేడి. నేల మీద నడుస్తున్నా చెట్టు మొవ్వలో కూర్చున్నట్టు ఉండేది. ఎక్కడం మాత్రం గాలిలో తేలినట్టు సాగేది. ఇరవై ఏళ్ళప్పుడు కూడా అట్లా ఎక్కలేదు. పైకి పోయాక కిందికి చూస్తే మోకాళ్ళు పట్టు తప్పి వణికేవి. ఒక రోజు గెల కోసి, పైన రెండు గంటలు ఉండిపోయాను. తోట యజమాని, మేం అర్బాబు అనేవాళ్ళం, పెద్ద నిచ్చెన వేయించి దింపించాడు.

గౌడును నిచ్చెన మీద దింపారు. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

అది మూడుసార్లు అయ్యాక అర్బాబు నన్ను పిలిచాడు. మంచివాడే, కాని కోతల కాలం. "నాలుగు రోజులు తీసుకో. బాగుపడి వచ్చి నా ముందు చెట్టు దిగు. లేకపోతే ఇంటికి టికెట్టు" అన్నాడు. జిన్ను పట్టింది, మంత్రగాళ్ళ ఊరు బహ్లాకు పోతే దించేవాళ్ళు ఉంటారని కొందరు సలహా ఇచ్చారు. నాకు ఒళ్ళు మండింది. నాకు ఏ జిన్నూ లేదు, పాఠంలో ఒకటి తక్కువ పడింది, అంతే.

"పోయి రా కాకా" అన్నాడు రాజేశం, సర్వపిండి రెండు కాగితంలో చుట్టి, డబ్బాలో మామిడికాయ తొక్కు పెట్టి ఇస్తూ. "కుండ అయితే మంచిగనే ఉన్నది. లింగన్నను అడిగి మూత తెచ్చుకో."

బుధవారం పొద్దున నాలుగూ నలభైకి కూరగాయల పికప్‌లో బయలుదేరాను. రువీ బస్టాండులో సలాలా బస్సు ఏడింటికి. టికెట్టు ఎనిమిది రియాళ్ళు. ఆరున్నరకే పోయి నిలబడండి, కిటికీ సీటు ఇస్తామని చెప్పి ఇవ్వరు. ఎడమ పక్క కూర్చుంటే పొద్దున ఎండ, కుడి పక్క కూర్చుంటే మధ్యాహ్నం ఎండ. ఈ సంగతి టికెట్టు మీద ఎందుకు అచ్చు వేయరో నాకు తెలియదు. డ్రైవరు తెల్ల టోపీ పెట్టుకున్న ఒమానీ పెద్దమనిషి. నా భుజం మీది మోకు చూసి ఆపాడు. బస్సులో మేకలు ఎక్కనివ్వను అన్నాడు. మేక లేదన్నాను. మరి తాడు ఎందుకు అన్నాడు. చెట్టుకు అన్నాను. ఆయన ఆకాశం వైపు చూసి దారి వదిలాడు. ఈ డ్రైవరును గుర్తు పెట్టుకోండి.

నా పక్క సీటులో సన్నటి గడ్డం మనిషి, ఒళ్ళో గుడ్డల మూట. నేను కూర్చోగానే తెలుగులో అడిగాడు.

"ఏం పెద్దాయనా, మేకను యాడ వదిలినావు?"

పేరు ఖాదర్ బాషా, కడప మనిషి. సలాలాలో దిష్‌దాషాలు, అంటే ఒమానీల పొడుగు అంగీలు కుట్టే దర్జీ. బస్సులో మొదటి నాలుగు గంటలు తెలుగు దొరికినందుకు ఆయన మాట్లాడాడు, తర్వాత చీగుంగ్ దొరికినందుకు నేను మాట్లాడాను. నిజ్వా దాటాక బండి దక్షిణానికి తిరిగింది. ఆదమ్ దాటాక చూడటానికి ఏమీ లేదు. చెట్టు లేదు, గుట్ట లేదు. పోయేవాళ్ళు ఆ ఏమీ లేకపోవడాన్ని కూడా ఒక అరగంట చూడండి, తర్వాత పడుకోండి.

"అంటే పెద్దాయనా, నీలో గాలి ఎక్కి కూసుండాది, దిగల్లేదు. అంతే గదా?" అన్నాడు ఖాదర్.

"గాలి కాదు. చీ."

"సోడా తాగి చూసినావా?"

నేను అటు తిరిగి కూర్చున్నాను. మళ్ళీ మాట్లాడింది ఒంటిగంటా పదిహేనుకు, హైమాలో బస్సు భోజనానికి ఆగినప్పుడు. అన్నం, పప్పు, ఎండు చేప, అన్నీ ఎండే. హోటలు మలయాళీది. నా తొక్కు డబ్బా మూత తీయగానే నాలుగు బల్లల వాళ్ళు తిరిగి చూశారు. ఖాదర్‌కు పెట్టాను, కోపం ఉన్నా తొక్కు దాచుకోవడం మా ఇంటి పద్ధతి కాదు. తిన్నాక, పొద్దుటి సాధన పోయింది కదా అని హోటలు నీడలో నిలబడి ఆకాశాన్ని ఎత్తే కదలిక ఒకటి చేశాను. వెంటనే పదిమంది చుట్టూ చేరారు.

"కరాటేనా?" అని ఒక పాకిస్తానీ లారీ డ్రైవరు అడిగాడు.

కాదు అన్నాను. ఆయన నమ్మలేదు. చేతిలో ఉన్న చెక్క పలక నా ముందు పట్టి, విరగ్గొట్టమన్నాడు. నాలుగు నెలలు తాతల చేతుల్లో నిలబడి నేర్చుకున్నది చెక్కలు విరగ్గొట్టడానికా? ఇదే సంగతి హిందీలో చెప్పబోయి, వ్యాకరణం కుదరక బస్సెక్కాను.

తుమ్రైత్ దాటాక కొండ దిగుతుంటే ఒక మలుపులో ఎండ ఆగిపోయింది. కోసి పక్కన పెట్టినట్టు ఆగింది. ఇవతల బూడిద రంగు రాళ్ళు, అవతల మంచు, తుంపర, పచ్చగడ్డి, గడ్డిలో ఆవులు. బస్సులో అందరూ కిటికీలు తెరిచి చేతులు బయట పెట్టారు. నేనూ పెట్టాను. జూలై నెల, మా ఊళ్ళో నాట్లు వేసే వాసన. ఇరవై నాలుగు గంటలూ చెట్టు మీద కూర్చున్నట్టుండే నాకు మాత్రం ఆ దిగుడు రోడ్డు పడలేదు. ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. ఖాదర్ అది చూశాడు, సోడా మాట ఎత్తలేదు. ఏడింటికి దిగాం. "లాడ్జి ఎందుకు పెద్దాయనా, మా అంగట్లో పండుకో" అన్నాడు. ఆ రాత్రి కత్తిరింపు బల్ల మీద, చుట్టూ తలలు లేని తెల్లని అంగీలు వేలాడుతుంటే పడుకున్నాను. నేల మీద వేస్తానన్నాడు గాని, నాకు ఎత్తున ఉండటమే అలవాటయింది.

గురువారం తొమ్మిదింటికి మినీబస్సులో రైసూత్ పోయాను. రైసూత్ చూడదగిన చోటు అని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఫ్యాక్టరీలు, గోదాములు, ఓడల క్రేన్లు, వాన తుంపరలో తడిసిన సిమెంటు దుమ్ము. ఎక్కడ వెతకాలా అని మొదటి గేటు దగ్గర మలయాళీ వాచ్‌మన్‌ను అడిగాను.

"కౌన్ లియాంగ్? ఎక్సర్‌సైజ్‌వాలా లియాంగ్?" అన్నాడు. ఒక్క మాటతో మూడో గేటు చూపించాడు. నా గురువు ఆ ఊళ్ళో పేరు తెచ్చుకున్నందుకు సంతోషం కలిగింది, నాకు చెప్పకుండా తెచ్చుకున్నందుకు కొంచెం కష్టమూ కలిగింది.

లింగన్న నీలం డ్రెస్సులో, చేతికి గ్రీజుతో వచ్చాడు. నన్ను చూసి నా రెండు భుజాలూ పట్టుకొని ఊపాడు. నేను ముందుగా తయారు చేసుకున్న నాలుగు మాటలూ చెప్పేశాను.

"ఫోక్ జేన్. తహత్ మాఫీ."

పైకి బాగుంది, కిందికి లేదు. ఆయన నా నాడి పట్టి చూశాడు. చెప్పులు విప్పించి అరికాళ్ళు చూశాడు. ఒక బకెట్టు తెచ్చి బోర్లించి, ఎక్కి దిగమన్నాడు. ఎక్కాను. దిగేటప్పుడు ఆయన భుజం పట్టుకున్నాను. జానెడు ఎత్తు బకెట్టు. ఆయన కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. కోపంతో నా చెవులు వేడెక్కాయి. నా కొలువు పోయే మాట చెప్తే నవ్వే గురువు ఉంటాడా? తర్వాత నా చెయ్యి పట్టుకొని "బుక్రా" అన్నాడు, అంటే రేపు. సముద్రం పక్కన, కొబ్బరి తోటలో, ఆరింటికి. శుక్రవారం సెలవు.

శుక్రవారం అయిదూ నలభైకి లేచాను. ఖాదర్ కూడా అంగడి తలుపు వేసి వెంట వచ్చాడు.

"నాకు భుజం నొప్పి ఉండాది. మీ చీనాయన దగ్గర దానికేమన్నా ఉంటాదేమో" అన్నాడు. అసలు సంగతి నేను దిగుతానో లేదో చూడాలని.

సన్నగా తుంపర పడుతోంది. సముద్రం గోడకు తల కొట్టుకుంటున్నట్టు మోగుతోంది. కొబ్బరి చెట్ల కింద పన్నెండు మంది చేరారు. లింగన్నతో కలిపి నలుగురు చీనావాళ్ళు, ముగ్గురు మలయాళీలు, ఇద్దరు బంగ్లాదేశీలు, పోర్టులో పనిచేసే ఇద్దరు పఠాన్లు, పక్కనే కొబ్బరి బోండాలు అమ్మే ముసలి సలాలా ఆయన. అందరూ వరసగా నిలబడ్డారు. మేమిద్దరం చివర. లింగన్న ముందు నిలబడి మొదలుపెట్టాడు. ఆకాశాన్ని ఎత్తడం, మబ్బులను తోయడం, చెట్టులా నిలబడటం. ఒకటి నుంచి పదిహేడు దాకా నాకు తెలిసినవే. ఒక పఠాన్ మోచెయ్యి తప్పు పెట్టాడు, నేను సరిచేశాను. చెట్టులా నిలబడ్డప్పుడు మా తాత ఇంత దూరం వచ్చాడా అని సందేహించాను. వచ్చాడు. బీడీ వాసన తడిసి ఉంది.

పదిహేడు అయ్యాయి. ఇక మూత. నేను ఊపిరి బిగబట్టి చూశాను.

లింగన్న రెండు చేతులూ నడుము వెనక నుంచి ముందుకు తెచ్చాడు, కనపడని తాడు పట్టుకున్నట్టు. వెనక్కి వాలాడు. కుడి మోకాలు వంచి, తాడు జారవిడిచి, ఎడమ మోకాలు. మళ్ళీ కుడి. నాలుగు మెట్లు అట్లా కిందికి కూర్చుంటూ దిగి, నేల అందగానే లేచి, ముందున్న గాలిని అరచేత్తో మూడుసార్లు తట్టాడు. అరచేతులు పొట్ట మీద తుడుచుకున్నాడు. చివరకు వేలి కొసతో నేల మీదకు ఒక చుక్క విదిలించాడు. వెనక పన్నెండు మందీ అట్లాగే తాడు పట్టి, వాలి, దిగి, తట్టి, తుడిచి, విదిలించారు.

అది మా తాత దిగే పద్ధతి. అచ్చంగా అదే. చెట్టు దిగాక దాన్ని మూడుసార్లు తట్టి, చేతులు తుడుచుకొని, లొట్టిలో నుంచి మొదటి కల్లు చుక్క మా గౌడుల దేవుడు కాటమయ్యకూ పోయిన పెద్దలకూ నేల మీద వేసేవాడు. చీనావాళ్ళూ, మలయాళీలూ, పఠాన్లూ, కడప దర్జీ, శుక్రవారం పొద్దున అరబ్బు సముద్రం ఒడ్డున వరసగా నిలబడి కాటమయ్యకు లేని కల్లు పోస్తున్నారు.

నేను వరస దాటి ముందుకు పోయాను. "హాదా మాల్ అనా" అన్నాను. ఇది నాది.

"మాల్ ఇంత" అన్నాడు లింగన్న. నీదే, ఇందులో అడిగేదేముంది అన్నట్టు. తర్వాత వేళ్ళు లెక్కపెట్టి చూపించాడు. తన గుండె మీద చెయ్యి వేసుకొని పదిహేడు. నా గుండె మీద చెయ్యి వేసి ఒకటి. పద్దెనిమిది. ఖలాస్.

అప్పుడు అర్థమైంది. ఆ రోజు నేను మూడుసార్లు దిగి చూపించిందే ఆయనకు చివరి కదలిక. ఆయన కిటికీలోంచి చెట్టును చూపించి చెప్పింది అదే, నీ దిగుడుతో ముగించుకో అని. మరి నువ్వు ఎందుకు చేయవు అని సైగలతో అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది, కాని అయిదు మాటల్లో పట్టదు. ఒమాన్ వచ్చి తొమ్మిదేళ్ళు. కల్లు లేదు, లొట్టి లేదు. ఒక చెట్టు దిగగానే ఇంకో చెట్టు. మొదటి ఏడే తట్టడం మానేశాను, రెండో ఏడు తుడుచుకోవడం మానేశాను. ఆయనకు చూపించిన రోజు తప్ప నేను తొమ్మిదేళ్ళుగా ఏ చెట్టూ సరిగ్గా దిగలేదు. ఊరికే చెట్టు మీద నుంచి పోతున్నాను.

లింగన్న ఒక కొబ్బరి చెట్టు చూపించాడు.

కొబ్బరి నా చెట్టు కాదు. దానికి గరుకు లేదు, పైగా వాన. ఈ మాట చెప్పినా ఎవరూ వినలేదు. బోండాల ముసలాయన ఆ చెట్టు తనదని, ఎక్కితే రెండు బోండాలు తెమ్మని చెప్పాడు. మోకు వేసుకొని ఎక్కాను. ఎక్కడం ఎప్పటిలాగే తేలిగ్గా సాగింది. మూడు నిలువుల ఎత్తున బోండాలు తెంపి వదిలి, కిందికి చూశాను. మోకాళ్ళు మొదలుపెట్టాయి. తాడును రెండు చేతులా బిగించి కళ్ళు మూసుకున్నాను. ఎదురుగా అర్బాబు, ఆయన చేతిలో టికెట్టు, ఊళ్ళో అడిగేవాళ్ళు. ఎందుకొచ్చినవు గౌడూ, అంటే దిగలేక వచ్చాను అని చెప్పాలి.

"పెద్దాయనా, కిందికి సూడు. మా తట్టు సూడు" అని ఖాదర్ గొంతు.

చూశాను. లింగన్న ముందు, వెనక అందరూ వరసగా, నా వైపు ముఖాలెత్తి తాళ్ళు పట్టుకున్నారు. కనపడని తాళ్ళు.

"తహత్" అన్నాడు లింగన్న. అందరూ వెనక్కి వాలారు. నేనూ వాలాను. "షువయ్య." పదమూడు కుడి మోకాళ్ళు వంగాయి. నాది పద్నాలుగోది. "షువయ్య." ఎడమ. ఖాదర్ ఎడమకు బదులు మళ్ళీ కుడి వంచి పక్క పఠాన్ మీద పడ్డాడు. పఠాన్ ఆయన్ని తిట్టి నిలబెట్టాడు. దిగడం ఆగిపోయింది. నేను పైన, వాళ్ళు కింద, ఖాదర్ నిలదొక్కుకునేదాకా ఆగాం. మళ్ళీ కుడి. నా నడుము మీద ఆ గట్టి చెయ్యి వచ్చింది. చూపు లింగన్న మోకాళ్ళ మీదే పెట్టాను. అవి మా తాత మోకాళ్ళు, ప్యాంటు ఒక్కటే చీనాది.

నేల తగిలింది. చెట్టును మూడుసార్లు తట్టాను. పొట్ట మీద అరచేతులు తుడుచుకున్నాను. వేలి కొసన వాన నీటి బొట్టు ఉంది, దాన్ని చెట్టు మొదలు దగ్గర విదిలించాను. కడుపులో ఏదో మెల్లగా, చెరువు అడుగుకు బురద దిగినట్టు దిగింది. అరచేతులు చల్లబడ్డాయి. వెనక పదమూడు మందీ విదిలించారు. తర్వాత బోండాల ముసలాయన నా దగ్గరకు వచ్చి, మూడు చెప్పాను కదా, రెండే తెంపావు అన్నాడు. ఆయన చెప్పింది రెండే. ఈ సంగతి మీద కొంతసేపు వాదించుకున్నాం. రెండు కాళ్ళూ నేల మీద పెట్టి వాదించడం ఎంత హాయిగా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

దారిలో ఖాదర్ అడిగాడు. "ఆ కడాన చెయ్యి విదిలిస్తారే, అదేంది పెద్దాయనా?"

"పోయిన పెద్దలకు."

"మంచిది" అన్నాడు. నాలుగడుగులు నడిచి, ఆగి, రోడ్డు పక్క మట్టి మీద ఒకసారి విదిలించాడు. "మా నాయనకు."

ఆ రోజంతా నాకు సుఖం లేదు. ఆయన నమాజుకు పోయి వచ్చాడు, నాకు చేపల పులుసు వండి పెట్టాడు, రాత్రి నేల మీద పక్క వేస్తే నేను బల్ల వదిలి నేల మీద పడుకున్నాను, ఎన్నాళ్ళకో గాఢంగా నిద్రపోయాను. అయినా చెప్పకుండా పోవడం మోసం. శనివారం పొద్దున ఏడింటి బస్సు దగ్గర చెప్పేశాను.

"ఖాదర్, ఆ చుక్క కల్లు చుక్క. మా దేవునికి పోసేది."

ఆయన నా మోకు అందుకొని నా భుజానికి తగిలించాడు. "నీ చేతిలో కల్లు. నా చేతిలో నీళ్ళు. మా నాయన దప్పికతో పోయినాడు పెద్దాయనా. నేను నీళ్ళే ఇచ్చినా" అన్నాడు. అని, కాగితం పొట్లం ఒకటి చేతిలో పెట్టాడు. బస్సులో విప్పి చూస్తే దిష్‌దాషా గుడ్డతో కుట్టిన సంచీ. మోకు పెట్టుకోవడానికి. బయట మేక బొమ్మ కుట్టాడు. పొడుగు గడ్డం కూడా కుట్టాడు.

బస్సు డ్రైవరు తెల్ల టోపీ పెద్దమనిషే. మేక బొమ్మ చూసి, నేను ముందే చెప్పాను కదా అన్నట్టు తల ఊపాడు. కొండ ఎక్కాక మళ్ళీ ఎండ మొదలైంది. హైమాలో భోజనం అదే. ఈసారి తొక్కు లేదు, ఎవరూ తిరిగి చూడలేదు. నిజ్వా దగ్గర చాయ్ తాగాను. పోయేవాళ్ళకు నా సలహా ఒకటే. సలాలాలో మీరు ఏమి చూసినా సరే, తిరుగు ప్రయాణంలో ఆ మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూడండి. పచ్చదనం అక్కడే ఉంటుంది, మనమే దాటి పోతాం. తొమ్మిదేళ్ళు నా సంగతి అట్లాగే ఉంది. పద్ధతి ఎక్కడికీ పోలేదు, నా చేతుల్లోనే ఉంది, నేను తొందరలో దాటి పోయాను. చీనా దేశం నుంచి ఒక ఫిట్టరు వచ్చి పట్టి ఇవ్వవలసి వచ్చింది. దీనికి నాకు కృతజ్ఞత ఉంది, కోపమూ ఉంది. ఏది ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అర్బాబు మరునాడు నిచ్చెన తెప్పించి చెట్టు కింద నిలబడ్డాడు. అవసరం పడలేదు. ఇంకో ఆరేళ్ళు పడలేదు. చెట్టు చెట్టుకూ ఈ తట్టడాలేమిటి, ఆలస్యం అవుతోంది అన్నాడు, దిగడానికి పట్టే సమయం అంతే అన్నాను. కాని అది తోట సంగతి. ప్రయాణం శనివారం సాయంత్రం ఏడూ పదికి రువీలో ముగిసింది, దాన్ని అక్కడే ముగిస్తాను.

బస్సు ఆగింది. చివరి మెట్టు మీద నిలబడి, వాలి, కుడి మోకాలు, ఎడమ మోకాలు, నేల మీదకు దిగాను. బస్సు పక్క రేకును మూడుసార్లు తట్టాను. పొట్ట మీద చేతులు తుడుచుకున్నాను. ఒక చుక్క విదిలించాను. డ్రైవరు కిటికీలోంచి అంతా చూశాడు.

"కరాటే?" అన్నాడు.

"కాదు. దిగుతున్నాను."

ఆయన కొంచెం ఆలోచించి, తన పక్క తలుపు తీసుకొని దిగాడు. ముందు టైరు దగ్గరకు పోయి కాలితో మూడుసార్లు తన్నాడు. చేతులు దిష్‌దాషాకు తుడుచుకున్నాడు. అది వాళ్ళ తాత పద్ధతి అయి ఉంటుంది.